పౌండు గింజల పరీక్ష
(రాయదుర్గం సీమ చరిత్ర – 11వ భాగం)

పోయిన భాగంలో 1800 నాటి దత్తమండలాల ఒప్పందం, థామస్ మన్రో జమాబందీ, రైతువారీ పద్ధతి దాకా చెప్పుకున్నాం. శిస్తు నేరుగా రైతు పేరున పడ్డాక వాన రాకపోయినా, పంట పోయినా సర్కారు ముందు తలవంచుకుని నిలబడాల్సింది రైతే అయ్యాడు. ఆ కష్టం ఎంత దూరం పోగలదో 1876లో తేలిపోయింది. పంచాంగంలో అది ధాత నామ సంవత్సరం. పెద్దలు ధాత కరువు అన్నది దీన్నే.

ఈ కరువు కాగితాలు వెతికేవాళ్ళు అనంతపురం పేరుతో వెతికితే రాయదుర్గం దొరకదు. అప్పటికి అనంతపురం జిల్లాయే లేదు. 1882లో బళ్ళారి జిల్లాను చీల్చి అనంతపురం ఏర్పాటు చేసినప్పుడు కూడా రాయదుర్గం తాలూకా బళ్ళారిలోనే ఉండిపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు కర్నూలుకు, రాయదుర్గం అనంతపురానికి వచ్చాయి. కాబట్టి కరువు నాటి మన తాతముత్తాతలు బళ్ళారి జిల్లా లెక్కల్లో ఉన్నారు, బళ్ళారి శిబిరాల్లో ఉన్నారు, బళ్ళారి చావుల్లో ఉన్నారు.

మన నేల సంగతి చదువరులకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మంచి ఏడాదిలోనే 550 మిల్లీమీటర్లకు అటూఇటూ కురిసే సీమ. గాలి లేస్తే వేదవతి ఏట్లో ఇసుక లేచి బొమ్మనహాళ్, కణేకల్ వైపు చేలలో మేట వేస్తుంది. ఎర్రనేలల్లో జొన్న, కొర్ర, సజ్జ, ఉలవ. ఇవన్నీ ముంగారి (తొలి కారు) వానను నమ్ముకున్నవి. ముంగారి తప్పినా హింగారి (రెండో కారు) ఆదుకుంటుందన్నది తరతరాల ధీమా. 1876లో రెండూ తప్పాయి. అంతకుముందు ఏడు కూడా పంట అంతంతమాత్రమే. గాదెల్లో అడుగంటిన గింజలతోనే ఆ ఏడు మొదలైంది. 1876-78 మధ్య పసిఫిక్ సముద్రం మీద బలమైన ఎల్‌నినో నడిచిందని ఇప్పటి వాతావరణ శాస్త్రం చెబుతోంది. అదే కాలంలో చైనా ఉత్తర రాష్ట్రాల్లో, బ్రెజిల్ ఈశాన్యంలో కూడా లక్షల మంది ఆకలితో పోయారు. మైసూరు సంస్థానమూ, బొంబాయి దక్కనూ మనతోపాటే ఎండిపోయాయి. ఎటు చూసినా ఎండే కాబట్టి పొరుగు సీమకు పోయి తలదాచుకునే పాత దారి ఈసారి మూసుకుపోయింది.

అయితే దేశంలో గింజలు లేకపోలేదు. బెంగాలు నుంచి, బర్మా నుంచి బియ్యం ఓడల్లో మద్రాసుకు వచ్చాయి. సముద్రపు ఒడ్డున గుట్టలు పడ్డాయి. రైలు 1871 నాటికే గుత్తి మీదుగా రాయచూరు దాకా వచ్చింది. రైల్వే స్టేషన్లలో బస్తాలు దిగాయి. అక్కడి నుంచి లోపలి పల్లెలకు చేర్చాలంటే బండ్లు కావాలి, బండ్లకు ఎద్దులు కావాలి. మేత లేక ఎద్దులు అప్పటికే పడిపోయాయి. రాయదుర్గానికి రైలు ఇంకా రాలేదు. బళ్ళారి నుంచి ముప్పై మైళ్ళకు పైగా ఎద్దులబండి దారి. స్టేషన్లో బస్తాలు, పల్లెలో ఆకలి, మధ్యలో ఎముకల గూళ్ళయిన ఎద్దులు. ఎక్కడైనా గింజలు దొరికినా కొనే డబ్బు కూలివాడి దగ్గర లేదు. పంట లేనిదే కూలి లేదు, కూలి లేనిదే కొనుగోలు లేదు. కరువులో ముందు పోయింది పని, ఆ తర్వాతే తిండి. ఈ వరుసను గుర్తుపెట్టుకుంటే మిగిలిన కథ అర్థమవుతుంది.

ఇంట్లో ఉన్నవి ఒక్కొక్కటే బయటికి వెళ్ళాయి. ముందు వెండి కడియాలు, తర్వాత ఇత్తడి బిందెలు, ఆ తర్వాత మడకలు, బండి చక్రాలు. చివరికి తలుపులు, ఇంటి దూలాలు, వాసాలు కూడా పీకి వంటచెరకు ధరకు అమ్ముకున్నారు. కరువు తీరాక విరాళాల సొమ్ములో పెద్ద భాగం ఎద్దులకు, విత్తనాలకు, ఇళ్ళ పైకప్పులకే ఖర్చయిందంటే ఎన్ని ఇళ్ళు కప్పు లేకుండా మిగిలాయో ఊహించుకోవచ్చు. కప్పు అమ్ముకున్న కుటుంబానికి ఇక ఇల్లు లేదు. అడవిలో బలుసాకు, నాగదాళి, దొరికిన దుంప తింటూ కుటుంబాలు దారి పట్టాయి. యుద్ధం తరిమినవాళ్ళను కాందిశీకులంటాం. వీళ్ళను తరిమింది ఆకలి, అంతే తేడా.

మద్రాసు సర్కారు 1876 అక్టోబరు నాటికి పనులు తెరిచింది. రోడ్డుకు కంకర కొట్టడం, చెరువు కట్టలకు మట్టి పోయడం. మగవాడికి రోజుకు రెండు అణాలు. జనం వేలల్లో వచ్చిపడ్డారు. గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్‌కు పాలనలో పేరుమోసినవాడన్న కీర్తి లేదు గానీ, ఆ నెలల్లో ఒక పని చేశాడు. మద్రాసు వర్తక సంస్థ ఆర్బుత్‌నాట్ ద్వారా బయటికి పొక్కకుండా 30 వేల టన్నుల ధాన్యం కొనిపించాడు. సర్కారే ధాన్యం కొంటే వర్తకం చెడిపోతుందని వైస్రాయి లిట్టన్ దాన్ని ఖండించి, ఇక ముందు కొనరాదన్నాడు. ఆ సమయానికి లిట్టన్ ఢిల్లీలో మహాదర్బారు ఏర్పాట్లలో మునిగి ఉన్నాడు. 1877 జనవరి 1న విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా అక్కడ ప్రకటించారు. మద్రాసు గవర్నరు కూడా కరువు జిల్లాలను విడిచి ఆ దర్బారుకు వెళ్ళక తప్పలేదు.

దర్బారు ముగిసీ ముగియకముందే లిట్టన్ తన ప్రతినిధిగా సర్ రిచర్డ్ టెంపుల్‌ను దక్షిణానికి పంపాడు. ఈ మనిషి గురించి ఒక్క క్షణం ఆగి చెప్పాలి. మూడేళ్ళ ముందు, 1873-74లో, బీహారులో కరువు వచ్చినప్పుడు ఇదే టెంపుల్ బర్మా నుంచి బియ్యం తెప్పించి, ధారాళంగా పంచి, దాదాపు చావులే లేకుండా ఆ కరువును దాటించాడు. అందుకు మెప్పు రాలేదు. ఇంత సొమ్ము తగలేస్తావా అని లండన్ పత్రికలు, పెద్దలు తిట్టిపోశారు. ప్రాణాలు నిలబెట్టినందుకు తిట్లు తిన్నవాడు, ఈసారి పొదుపు చూపించి మెప్పు పొందాలని వచ్చాడు. ధాత కరువు చరిత్రలో నన్ను అన్నిటికన్నా బాధించేది ఇదే. ఆపడం ఎలాగో తెలియక జరిగిన చావులు కావివి. ఆపి చూపించిన చెయ్యే ఈసారి వెనక్కి లాగింది.

టెంపుల్ బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు తిరిగాడు. పనుల్లో ఉన్నవాళ్ళలో చాలామంది నిజంగా ఆకలిగా ఉన్నవాళ్ళు కారని తీర్మానించాడు. లక్షల పేర్లు జాబితాల నుంచి పోయాయి. మిగిలినవాళ్ళ కూలి తగ్గింది. మగవాడికి రోజుకు ఒక పౌండు ధాన్యం ఖరీదు, పైన ఉప్పూ చింతపండుకు సరిపోయేంత చిల్లర. ఆడవాళ్ళకు, పిల్లలకు అంతకన్నా తక్కువ. పౌండు అంటే నేటి తూకంలో 450 గ్రాములు. దానితో మనిషి ఎండలో రోజంతా కంకర కొట్టాలి. దేహీ అని వచ్చినవాడు నిజంగా ఆకలితో వచ్చాడా లేదా తేల్చడానికి ఈ పౌండే పరీక్ష. నిజమైన ఆకలి లేనివాడు ఇంత తక్కువకు ఇంత చాకిరీ చేయడు కదా అన్నది తర్కం. పని ఊరికి దూరంగా ఉండాలి, అక్కడే పడుకోవాలి అన్న నియమాలు కూడా ఈ ఆలోచనలోంచే వచ్చాయి. ఇల్లూ వాకిలీ వదిలి పది మైళ్ళు నడిచి వచ్చినవాడినే నమ్మాలన్నమాట.

ఈ లెక్క తప్పని అదే సర్కారులో ఒకడు చెప్పాడు. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్. జైల్లో ఖైదీకి పెట్టే తిండికన్నా కష్టం చేసే కూలివాడికి తక్కువ పెడుతున్నారని కాగితం మీద లెక్క కట్టి చూపించాడు. పౌండున్నర ధాన్యం, దానితోపాటు పప్పు, కూరగాయలు, ఉప్పు, కారం లేనిదే పనిచేసే ఒళ్ళు నిలవదన్నాడు. అది పుస్తకాల్లో చదివి చెప్పిన మాట కాదు. పనుల దగ్గరికి వెళ్ళి జనాన్ని వరుసలో నిలబెట్టి చూశాడు. పైకి తేలిన పక్కటెముకలు, వాచిన పాదాలు, తల నెరిసినట్టు పాలిపోయిన పిల్లల జుట్టు. టెంపుల్ ఆయన వాదనను ఒప్పుకోలేదు. ఇద్దరి మధ్యా కాగితాల మీద వాదన సాగింది. ఆకలి లెక్క గురించి అంత బాహాటంగా చర్చ జరగడం అరుదు. కార్నిష్ పేరు మీద మన సీమలో ఒక వీధి కూడా లేదు. ఉండాల్సింది.

ఇక పనుల దగ్గర రోజు ఎలా గడిచేదో చూద్దాం. తెల్లవారకముందే హాజరు. కూలివాళ్ళను గుంపులుగా విడగొట్టి, గుంపుకొక మేస్త్రీని పెట్టేవారు. పేర్ల పట్టీ మేస్త్రీ చేతిలో. అక్కడే మొదటి మోసం. లేనివాళ్ళ పేర్లు పట్టీలో ఎక్కేవి, ఉన్నవాళ్ళ కూలిలో కోత పడేది. పైనున్న దొర ఆకలిగొన్నవాడిని అనుమానించాడు గానీ, పట్టీ రాసేవాడిని అంతగా అనుమానించలేదు. మగవాళ్ళు గడ్డపారతో రాయి తవ్వుతారు, ఆడవాళ్ళు తట్టలు మోస్తారు, ముసలివాళ్ళూ పిల్లలూ చిన్న సుత్తితో కంకర కొడతారు. సాయంత్రానికి కంకర కుప్పను కొలుస్తారు. కుప్ప తక్కువైతే కూలి తక్కువ. కూలి తక్కువైతే మర్నాటి తిండి తక్కువ. తిండి తక్కువైతే మర్నాటి కుప్ప ఇంకా చిన్నది. ఈ చక్రంలో బలహీనుడు నాలుగు రోజులకు పట్టీలోంచి జారిపోతాడు. బరువు మోసే బాలింతకు పాలు ఎండిపోతాయి. పసిపిల్ల పక్కనే చెట్టు కింద నీడలో పోతుంది. కూలి డబ్బులిచ్చినా కొనడానికి కొట్టు ఎక్కడో ఉంటుంది. కొట్టువాడు చెప్పిందే ధర. మధ్యాహ్నం నీళ్ళు పెద్ద గండం. ఎండిన చెరువు అడుగున తవ్విన గుంతలో వేలమంది ముంచుకుతాగే నీళ్ళు. కలరా అలాగే వచ్చింది, 1877 మొదటి నెలల్లో పనుల శిబిరాలను తుడిచిపెట్టింది. మశూచి దానికి తోడైంది. కలరా అనగానే గుంపు చెదిరిపోయేది. చెదిరిన గుంపు దారిపొడుగునా రోగాన్ని మోసుకుపోయేది.

పని చేయలేనివాళ్ళ కోసం వేరే శిబిరాలు. వెదురు బొంగులు, ఈతాకు చాపలతో పొడుగాటి కొట్టాలు. చుట్టూ కంప కంచె, ఒకటే దారి. లోపలికి వచ్చినవాడు ఇష్టం వచ్చినప్పుడు బయటికి పోరాదు. వండిన తిండి రోజుకు రెండు పూటలు అక్కడే కూర్చుని తినాలి. గింజలు చేతికిస్తే ఇంటికి పట్టుకుపోతారు, అమ్ముకుంటారు అని భయం. నిజానికి ఇంటికి పట్టుకుపోయేది ఎవరికోసం? రాలేక ఇంట్లో పడి ఉన్న ముసలితల్లి కోసం. కంచె దాన్ని కూడా మోసం కింద లెక్కవేసింది.

కులం కంచె లోపలికీ వచ్చింది. వంటకు బ్రాహ్మణులను, పైకులాలవాళ్ళను పెట్టినా, చేను ఉన్న కాపు, కమ్మరి, నేతగాడు ఆ పంక్తిలో కూర్చోవడానికి ఒప్పుకోలేదు. ఊళ్ళో తలెత్తుకు తిరిగినవాడు గంజి కోసం వరుసలో నిలబడటం చావుకన్నా తక్కువ కాదనుకున్నాడు. అలా ఇంట్లోనే తలుపు వేసుకుని పోయిన కుటుంబాలున్నాయి. మొదట వచ్చినవాళ్ళు మాదిగలు, మాలలు. వాళ్ళకు దాచుకున్నది మొదటినుంచీ లేదు కాబట్టి అందరికన్నా ముందు నడిచి వచ్చారు. శిబిరంలో ఎక్కువమంది వాళ్ళే కావడంతో మిగతా కులాలు మరింత దూరం జరిగాయి. కరువు అందరినీ ఒక్కటి చేస్తుందని అంటారు గానీ ధాత కరువు కాగితాలు అలా చెప్పవు.

ఆలస్యంగా వచ్చినవాళ్ళ సంగతి మరీ ఘోరం. మద్రాసు రాయపురంలో మనేగార్ చావడి ఆస్పత్రికి కరువు రోగులను చేర్చేవారు. అక్కడ పనిచేసిన డాక్టర్ అలెగ్జాండర్ పోర్టర్ చనిపోయినవాళ్ళ దేహాలు కోసి పరీక్షించి, 1889లో పుస్తకం వేశాడు. చాలాకాలం పస్తులున్నవాళ్ళ పేగుల లోపలి పొర అరిగిపోయి పల్చని కాగితంలా అయిపోయింది. అలాంటి పేగులోకి జొన్న సంగటి వెళ్ళినా ఒంటికి పట్టదు, విరేచనాలై పోతుంది. పైకి చూసేవాళ్ళకు తిండి పెట్టినా చచ్చిపోయాడు అనిపిస్తుంది. నిజానికి పెట్టాల్సిన రోజున పెట్టలేదు. పరీక్షకు పట్టిన వారాల్లోనే పేగు పోయింది. శిబిరంలో చావుల సంఖ్య చూసి శిబిరాలనే తప్పుపట్టినవాళ్ళు ఈ సంగతి గమనించలేదు. గడప దగ్గరే వడపోసి, నడవగలిగినంతకాలం లోపలికి రానివ్వక, నడవలేనప్పుడు చేర్చుకుంటే అది శిబిరం కాదు, వల్లకాటి ముందు మజిలీ.

రాయదుర్గం పట్టణంలో నేతగాళ్ళ కష్టం వేరు. కరువులో చీర ఎవరు కొంటారు? మగ్గం ఆగిపోయింది. మగ్గం మీద వేలిచివర నూలు తెలిసే చెయ్యి కంకర సుత్తి పట్టుకుంటే నెల రోజుల్లో మొద్దుబారిపోతుంది, కరువు పోయాక ఆ చెయ్యి నేతకు పనికిరాదు. ఈ మాట అప్పటి అధికారుల్లో కొందరు గట్టిగా చెప్పారు. బళ్ళారి సీమ పట్టణాల్లో నేతగాళ్ళకు నూలు ఇచ్చి నేయించి, బట్ట కొనుక్కుని కూలి ఇచ్చే ఏర్పాటు 1877లో అలా వచ్చింది. మొత్తం కరువు పాలనలో మనిషిని మనిషి వృత్తిలోనే ఉంచి ఆదుకున్న పని ఇదొక్కటే అనిపిస్తుంది నాకు. ఇంట్లోనే పని, ఊళ్ళోనే తిండి. కంచె లేదు. అలా దక్కిన చేతులే తర్వాతి తరాలకు ఇక్కడి పట్టు నేతను అందించాయి.

అదే పద్ధతి వేరే రూపంలో ఒంగోలు సీమలో నడిచింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకుని, రాజుపాలెం దగ్గర సుమారు 3 వేల మందికి క్యాంపు పెట్టాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. ముందు బావులు తవ్వించాడు, తాటాకు గుడిసెలు వేయించాడు, కూలి సకాలంలో చేతికిచ్చాడు. కూలివాళ్ళు పారిపోలేదు సరికదా, ఊళ్ళ నుంచి మరికొందరు వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారన్నది ప్రసిద్ధమైన సంగతి. కూటి కోసం మతం మార్చారని వెంటనే విమర్శ వచ్చింది. పంపకం ముగిసేదాకా బాప్తిస్మాలు ఆపానని క్లౌ సమాధానం. ఆ చర్చ ఇక్కడ తేలేది కాదు. మాదిగపల్లెల నుంచి వచ్చిన ఆ జనాన్ని మేస్త్రీ పేరు పెట్టి పిలిచిన పని అది ఒక్కటే కావచ్చునన్నది మాత్రం మరిచిపోరాదు.

మద్రాసు సర్కారు 1877 మే నెలలో టెంపుల్ కూలిని పక్కనపెట్టి పాత లెక్కకు దగ్గరగా పెంచింది. కార్నిష్ గెలిచాడు. కానీ అప్పటికి నాలుగు నెలలు గడిచాయి. ఆ ఏడు ముంగారి కూడా ముఖం చాటేసింది. ఆగస్టు చివర్లో లిట్టన్ స్వయంగా మద్రాసు వచ్చే నాటికి మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) మొత్తంలో సాయం పొందుతున్నవాళ్ళు 20 లక్షలు దాటారు. జైళ్ళు నిండిపోయాయి. గింజల దొంగతనం చేసి జైలుకు పోతే తిండి దొరుకుతుందని తెలిసి కావాలని దొరికిపోయినవాళ్ళున్నారు. జైలు కూడు శిబిరం కూటికన్నా నయమన్న కార్నిష్ లెక్క ఆ బీదవాళ్ళకు అనుభవంలోనే తెలుసు.

లండన్‌లో లార్డ్ మేయర్ కరువు సాయం కోసం మ్యాన్షన్ హౌస్ నిధికి పిలుపిచ్చాడు. 5 లక్షల పౌండ్లకు పైగా పోగయింది. మద్రాసులో ఆ నిధికి కార్యదర్శి ‘మద్రాస్ టైమ్స్’ సంపాదకుడు విలియం డిగ్బీ. కరువుపై ఆయన 1878లో వేసిన రెండు సంపుటాలు లేకపోతే ఈ భాగంలోని చాలా సంగతులు మనకు మిగిలేవే కావు. కరువు రోజుల్లో కెమెరాతో తిరిగిన సైనికాధికారి విల్లోబీ హూపర్ ఎముకల గూళ్ళను కుటుంబాలుగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఫొటో తీశాక ఆ కుటుంబానికి ఏం పెట్టాడన్న ప్రశ్న అప్పుడే లేచింది. ఆ ఫొటోల్లో ఎవరికీ పేర్లు లేవు. ఇప్పటికీ పుస్తకాల అట్టల మీద ఆ ముఖాలే వస్తున్నాయి.

1877 సెప్టెంబరులో వాన పడింది. వాన పడిందని శిబిరాలు మూసేశారు. ఇళ్ళకు తిరిగిన జనానికి కప్పులు లేవు, ఎద్దులు లేవు, ఒంట్లో సత్తువ లేదు. తడి నేల మీద పడుకున్న ఆ శరీరాలను అక్టోబరు, నవంబరు నెలల్లో మలేరియా పట్టుకుంది. కరువు చావుల్లో చాలా భాగం వాన వచ్చాకే జరిగాయి. చేలో పైరు పచ్చగా ఉండగా ఇంట్లో పీనుగ లేచింది. కోతకు చేతులు లేక పైరు ఆరబడిన చేలున్నాయి.

ఎంతమంది పోయారు? 1878 మార్చిలో కొన్ని తాలూకాల్లో జనాన్ని మళ్ళీ లెక్కించారు, 1881లో పూర్తి జనగణన జరిగింది. 1871తో పోలిస్తే బళ్ళారి సీమలో ప్రతి ఐదుగురిలో ఒకరు లేరు. కర్నూలులో నలుగురిలో ఒకరు. మద్రాసు రాజధాని మొత్తంలో పోయినవాళ్ళు 35 లక్షల వరకూ ఉంటారని అంచనా. జనగణనలో లేనివాళ్ళలో కొందరు చనిపోయినవాళ్ళు, కొందరు సిలోన్ తోటలకు, ఇతర చోట్లకు ఎక్కిపోయినవాళ్ళు, మరికొందరు అసలు పుట్టనే పుట్టనివాళ్ళు. ఆ రెండేళ్ళలో మన పల్లెల్లో కాన్పులే అరుదైపోయాయి.

తర్వాత సర్ రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన కరువు కమిషను కూర్చుంది. 1880లో నివేదిక, దాని వెంట కరువు నియమావళి వచ్చాయి. కరువు ఎప్పుడు ప్రకటించాలి, పనులు ఎప్పుడు తెరవాలి, ఎవరికి ఎంత కూలి, ఎవరికి ఉచితంగా తిండి అన్నది ముందే రాసిపెట్టడం మొదలైంది. నియమావళిలో కార్నిష్ లెక్కా ఉంది, టెంపుల్ అనుమానమూ ఉంది. 1891-92లో, 1896-97లో బళ్ళారి సీమలో మళ్ళీ వానలు తప్పినా 1877 అంతటి చావులు లేవు. ఆ మేరకు అది మేలే చేసింది. అయితే కంచె, పట్టీ, కొలత, పరీక్ష అన్న పద్ధతి ఇక్కడితో ఆగలేదు. 1900 తర్వాత దక్షిణాఫ్రికాలో బ్రిటిషువాళ్ళు బోయర్ కుటుంబాలను నిర్బంధించిన శిబిరాల్లో పిల్లలు రాలిపోతుంటే, వాటిని చక్కదిద్దడానికి పిలిపించినవాళ్ళలో భారతదేశంలో కరువు, ప్లేగు శిబిరాలు నడిపిన అధికారులున్నారు. శరణార్థి శిబిరం అనగానే ఈనాడు మనకు కళ్ళముందు కదిలే డేరాల వరుస, రేషను కార్డు, తలలెక్క, బయటికి పోవడానికి అనుమతి, వీటిలో చాలా వాటికి వెనక ఉన్న అనుభవంలో మన ఎర్రనేల కూడా ఉంది. కెన్యాలో దాదాబ్ శిబిరం 1991లో తాత్కాలికంగా పెట్టినది. అక్కడే పుట్టి అక్కడే పిల్లలను కన్నవాళ్ళున్నారు. శిబిరంలో మనిషికి రోజుకు 2,100 కేలరీల తిండి ఉండాలన్నది ఐక్యరాజ్యసమితి సంస్థల ప్రమాణం. టెంపుల్ పౌండు ధాన్యం సుమారు 1,600 కేలరీలే. నిధులు తగ్గిన ప్రతిసారీ దాదాబ్‌లో రేషను కోత పడి ఆ పాత లెక్క దరిదాపుల్లోకి, ఒక్కోసారి దానికన్నా కిందికి జారుతోంది.

ఇంత దూరం వెళ్ళనక్కర్లేదు కూడా. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ళు మన కణేకల్ చెరువుకు వస్తాయి. అదే తుంగభద్ర ఎడమ కాలువ కింద, సింధనూరు చుట్టుపక్కల, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాల పునరావాస క్యాంపులున్నాయి. అర్ధశతాబ్దం దాటింది. సేద్యం చేస్తారు, దుర్గాపూజ చేస్తారు. ఊళ్ళ పేర్లు మాత్రం ఇంకా క్యాంపు నంబర్లే. పౌరసత్వం కాగితం కోసం తిరిగిన కుటుంబాలు ఇటీవలి దాకా ఉన్నాయి.

మన జిల్లాకు మళ్ళీ వద్దాం. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. దేశంలో మొదటి చోటు అదే. 2005 నాటి ఆ చట్టం పాఠాన్ని ధాత కరువు నియమాల పక్కన పెట్టి చదవాలి. అడిగినవాడికి పని ఇవ్వాలి, అడిగిన 15 రోజుల్లో ఇవ్వలేకపోతే భృతి ఇవ్వాలి. పని ఊరికి 5 కిలోమీటర్ల లోపు ఉండాలి, అంతకు మించితే కూలికి 10 శాతం కలపాలి. పని దగ్గర తాగునీళ్ళు, నీడ ఉండాలి. ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురుంటే వాళ్ళను చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలి. మస్టరు పట్టీని ఊరి ముందు చదవాలి, సామాజిక తనిఖీ జరగాలి. 1877లో ఏ చెట్టు కింద పసిపిల్ల పోయిందో, ఏ పట్టీలో కూలి కోత పడిందో, ఏ పది మైళ్ళ దూరం ముసలితల్లిని ఒంటరిని చేసిందో, ఒక్కొక్క దానికీ ఒక్కొక్క సెక్షను. రాసినవాళ్ళు ధాత కరువును తలచుకుని రాశారని అనను. మేట్ (పని చూసే మేస్త్రీ) దగ్గర మస్టరు సరిగా లేదని, కూలి నెలల తరబడి పడలేదని రాయదుర్గం మండలంలో ఆడవాళ్ళు నిలదీసినప్పుడు వాళ్ళ చేతిలో ఉన్నవి ఆ సెక్షన్లే.

(వచ్చే భాగంలో: 1951-52 గంజి కేంద్రాలు, బావులు తవ్విన సైనికులు)